గవ్వలపాలెంలో రెండు పండగ చెట్లు

గవ్వలపాలెం ఉపదేశి జెకర్యాగారికి ఒక అలవాటు ఉండేది. ఎవరు ఏ ప్రశ్న అడిగినా ఆయన వెంటనే జవాబు చెప్పేవారు కాదు. కళ్ళజోడు తీసి, పంచె చెంగుతో నిదానంగా తుడుచుకునేవారు. ఆ తుడవడం పూర్తయ్యేలోపు ప్రశ్నలో సగం దానంతటదే కరిగిపోయేది. మిగిలిన సగానికి ఆయన ఏదో ఒక పని పురమాయించేవారు. ఉపవాసం ఎందుకుండాలని అడిగిన ఒక మోతుబరి చేత వారం రోజులపాటు బడిపిల్లలకు మధ్యాహ్నం అన్నం వడ్డింపజేశారని ఊళ్ళో చెప్పుకుంటారు. ఆ మోతుబరి వడ్డించాడు. మళ్ళీ ఆ ప్రశ్న ఎత్తలేదు.

కెజియా ఆయన దగ్గరికి పని నేర్చుకోవడానికి వచ్చేటప్పటికి ఆమెకు ఇరవై మూడేళ్ళు. బైబిలు పాఠశాలలో చదువు ముగించి, ఒక ఏడాది ఏదైనా సంఘంలో ఉండి రావాలన్న నియమం ప్రకారం సముద్రం ఒడ్డున ఉన్న ఈ చిన్న ఊరికి చేరింది. చదువులో ఎప్పుడూ ముందుండేది. విన్నదల్లా పుస్తకంలో రాసుకునేది, రాసుకున్నదల్లా నమ్మేది. జెకర్యాగారి దగ్గర రాసుకోవడానికి ఏమీ దొరకడం లేదన్నది ఆమెకున్న ఒకే ఒక బెంగ.

డిసెంబరు మొదటి వారంలో ఒక పొద్దున ఆమె గుడి అరుగు ఊడుస్తూ అడిగింది. "అయ్యగారూ, పండక్కి నిజం చెట్టు పెట్టడం మంచిదా, ప్లాస్టిక్ చెట్టు పెట్టడం మంచిదా?"

ఆయన కళ్ళజోడు తీశారు. ఆ ఊళ్ళో ఏటేటా క్రిస్మస్‌కు సరుగుడు చెట్టు పెట్టడం ఆనవాయితీ. ఊరి చివర ఇసక నేలలో అంకమ్మ అనే ఆవిడకు సరుగుడు తోట ఉంది. ఆమె ఈ సంఘం మనిషి కాదు. అయినా ప్రతి ఏడూ పండక్కి రెండు రోజుల ముందు తన తోటలోంచి ఒక పచ్చటి చెట్టు పంపేది. ఎవరో ఒకరు వెళ్ళి భుజాన వేసుకుని వచ్చేవారు. దానికి రంగు కాగితాలూ దూది ముక్కలూ కట్టి, కొనకు నక్షత్రం తగిలించేవారు. అందరికీ అది మామూలే. కెజియా మాత్రం అడిగింది ప్రశ్నే అయినా, జవాబు తనే వెంట తెచ్చుకుంది.

"నువ్వేమనుకుంటున్నావమ్మా?" అన్నారు జెకర్యాగారు అద్దాలు తుడుస్తూనే.

"చెట్టును చంపి దేవుడి పండగ చెయ్యడం నాకు నచ్చడం లేదయ్యగారూ. మూడు రోజుల ముచ్చట కోసం ఒక ప్రాణం. ప్లాస్టిక్ చెట్టయితే ఒకసారి కొంటే చాలు, ఇంక ఏ చెట్టునూ నరకక్కర్లేదు."

ఆయన కళ్ళజోడు పెట్టుకుని ఆమె ముఖం కాసేపు చూశారు. "అయితే ఈ ఆదివారం ఆ మాట నువ్వే చెప్పు" అన్నారు.

కెజియా చెప్పింది. బాగా చెప్పింది కూడా. చెట్టుకూ నొప్పి ఉంటుందంది, గొడ్డలి దెబ్బకు కారేది నీరు కాదు కన్నీరంది. పచ్చటి చెట్టును నరికి తెచ్చి దేవుని ఎదుట ఎండబెట్టడం పాపమంది. చెబుతూండగా ఆమెకే కళ్ళ నీళ్ళు తిరిగాయి. ముందు వరుసలోని ఆడవాళ్ళు కొంగుతో కళ్ళొత్తుకున్నారు. ఆరాధన ముగిసేసరికి ఈ ఏడు ప్లాస్టిక్ చెట్టే పెట్టాలని సంఘమంతా ఒక మాట మీదికి వచ్చింది. జెకర్యాగారు కాదనలేదు. ఆ సాయంత్రం కెజియా తన పుస్తకంలో ఆనాటి తేదీ వేసుకుని, కింద గీత గీసుకుంది.

పండక్కి రెండు రోజుల ముందు చెట్టు పట్నం నుంచి బస్సు మీద వచ్చింది. పొడుగాటి అట్టపెట్టె. దాన్ని విప్పే వేళకు గుడి నిండా జనం. పెట్టెలో చెట్టుంటుందనుకుంటే ఊచలు, కొమ్మలు, మరలు విడివిడిగా ఉన్నాయి. ఏ కొమ్మ ఎక్కడ గుచ్చాలో తెలియడానికి వాటి మొదళ్ళకు రంగు మచ్చలు పెట్టారుగానీ, ఆకుపచ్చకూ నీలానికీ తేడా చెప్పడం ఎవరి తరమూ కాలేదు. ఒకరు ఎరుపన్నది ఇంకొకరికి నారింజ అయింది. గంటసేపు గుచ్చి, వెనక్కి నడిచి చూస్తే పొడుగు కొమ్మలన్నీ పైనా, పొట్టివన్నీ కిందా చేరి అది అచ్చం గాలికి తిరగబడ్డ గొడుగులా ఉంది. ఎవరు ముందు నవ్వారో గాని, ఆ నవ్వు గుడి దాటి వీధిలోకి పాకింది. మళ్ళీ మొదటినుంచి విప్పారు.

అందరికంటే ఎక్కువ సంబరపడినవాడు బర్నబా తాత. ఎనభై దాటిన మనిషి. పడవ నడపడం మానుకున్నాక ఆయనకు మాట్లాడటమే పని. ముందు బెంచీ మీద కూర్చుని ప్రశ్న మీద ప్రశ్న వేశాడు.

"అమ్మాయ్, దీనికి నీళ్ళు పొయ్యాలా?"

"అక్కర్లేదు తాతా."

"చీమలు పడతాయా?"

"పట్టవు."

"వచ్చే ఏడికి ఎంత పెరుగుద్ది?"

"పెరగదు తాతా. ఎప్పటికీ ఇంతే."

"పాపం" అన్నాడు తాత. కాస్త ఆగి, "దీన్ని దేంతో చేస్తారు?" అన్నాడు.

కెజియా చదువుకున్న పిల్ల కాబట్టి సరిగ్గానే చెప్పింది. భూమిలోంచి నూనె తోడతారనీ, ఆ నూనె నుంచే ప్లాస్టిక్ వస్తుందనీ వివరించింది. తాత గడ్డం నిమురుకున్నాడు. "ఓహో. కోసి తీస్తే పాపం, తోడి తీస్తే కాదన్నమాట" అన్నాడు. ఆయన ఎగతాళికి అనలేదు. తెలుసుకుని తృప్తిపడ్డట్టు అన్నాడు. కెజియా ముఖం తిప్పుకుని, చెట్టును నిలబెట్టే పీట బిగించబోయింది. అది ఇనుప పీట అనుకుంది గాని, పైన ఇనుము రంగు పూసిన ప్లాస్టిక్. నాలుగు కాళ్ళలో ఒకటి చేతిలోకి ఊడి వచ్చింది.

"ఇసక పోసిన బక్కెట్టులో పెడితే సరి" అన్నారు జెకర్యాగారు. "కెజియమ్మా, అంకమ్మ తోటకెళ్ళి ఒక బక్కెట్టు ఇసక తీసుకురా."

కెజియా ఆశ్చర్యంగా చూసింది. గవ్వలపాలెంలో గుడి బయట అడుగు వేస్తే ఇసకే. గుడి లోపలికి రాకుండా ఆపడమే రోజూ ఒక పని. "ఇసక ఇక్కడే ఉంది కదయ్యగారూ" అంది.

"ఇది తేలిక. గాలికి లేచిపోద్ది. అంకమ్మ తోటలో ఇసక బరువు" అన్నారాయన చాలా గంభీరంగా. బర్నబా తాత కూడా అవునని తల ఊపాడు.

కెజియా బక్కెట్టు పట్టుకుని బయల్దేరింది. దారి పొడుగునా ఆమెకు ఒక సంగతి గుచ్చుకుంటూనే ఉంది. తను చెప్పిన మాటలు ఈపాటికి అంకమ్మ చెవిన పడే ఉంటాయి. అయినా సత్యం చెప్పడానికి మొహమాటపడకూడదని పుస్తకంలో రాసుకున్న మాట గుర్తుచేసుకుని, నడక వేగం పెంచింది.

తోటలో సగం చెట్లు కొట్టేసి ఉన్నాయి. సన్నగా, నిటారుగా పెరిగిన దుంగలు ఒకవైపు పేర్చి ఉన్నాయి. రెండో సగంలో నిలబడ్డ చెట్ల మీద గాలి సుయ్‌మంటోంది. కొట్టేసిన జాగా అంచున, తాటాకు పందిరి నీడలో నల్లటి చిన్న చిన్న కవర్లలో వందల మొక్కలు వరసలు తీరి ఉన్నాయి. వాటి పక్కనే ఒక యాభై ఏళ్ళ మనిషి మోకాళ్ళ మీద చేతులు వేసుకుని ఊరికే కూర్చుని ఉంది. ఆమే అంకమ్మ.

"ఇసక కావాలమ్మా" అంది కెజియా.

"తీసుకో. దానికేం కరువు" అంది అంకమ్మ. కెజియా వంగి నాలుగు దోసిళ్ళు పోసుకునేదాకా చూసి, మెల్లగా అడిగింది. "పాపమని చెప్పింది నువ్వేనంట కదా."

కెజియా నిటారుగా నిలబడింది. "నేనేనమ్మా."

"కోపం లేదులే, కూర్చో. చదువుకున్న పిల్లవి, ఒక మాట అడుగుదామని. మా ఆయనా నేనూ పెళ్ళయిన కాడినుంచీ ఇదే పని చేశాం. ఆయన పోయి ఆరేళ్ళయింది, నేను ఇంకా చేస్తన్నాను. నాటడం, కొట్టడం, నాటడం. ఇంతకాలం మేం చేసింది పాపమా అమ్మాయ్?"

గుడిలో అంత ధారాళంగా మాట్లాడిన కెజియా ఇక్కడ ముఖం తిప్పుకుని మొక్కలకేసి చూసింది. వాటి కొసలు వాడి వేలాడుతున్నాయి. "ఈ మొక్కలేంటి?" అంది.

"కొట్టినచోట నాటడానికి తెచ్చినయి. దింపి నాలుగు రోజులు."

"నాటలేదేం?"

"ఎందుకు నాటను? పెంచితే కొట్టాలి. కొడితే పాపమంటిరి" అంది అంకమ్మ. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. లెక్క తేలక అలసిపోయిన మనిషి గొంతు అది. "రొయ్యల చెరువుకి ఇమ్మని ఒకాయన రెండేళ్ళుగా తిరగతన్నాడు. నేను ఇయ్యనంటానే ఉన్నా. ఇప్పుడనిపిస్తంది, ఇచ్చేస్తే సరి. చెరువు తవ్వితే ఇంక ఇక్కడ చెట్టే ఉండదు. నరికే పనీ ఉండదు, పాపమూ ఉండదు."

చెట్ల కోసమని కెజియా కళ్ళ నీళ్ళు పెట్టుకుని చెప్పిన మాట నడిచి నడిచి ఈ పందిరి కిందికి వచ్చి, వందల మొక్కల్ని ఎండబెడుతోంది. ఆమె చున్నీ నడుముకు బిగించి కట్టుకుంది.

"గుంట ఎంత లోతు తియ్యాలమ్మా?" అంది.

అంకమ్మ ఆమెను కిందినుంచి పైదాకా ఒకసారి చూసింది. తర్వాత లేచి, మూలనున్న గునపం తెచ్చి చేతికిచ్చింది.

ఆ మధ్యాహ్నమంతా వాళ్ళిద్దరూ నాటారు. కెజియా మొదటి మొక్కను కవరుతో సహా గుంటలో దింపింది. "అది తీసెయ్యి. తియ్యకపోతే వేరుకి దారి దొరక్క లోపల్లోపలే చుట్టుకుపోద్ది" అని అంకమ్మ నవ్వింది. ఆ నాలుగు రోజుల్లో ఆమె నవ్వడం అదే మొదలు. రెండోదాన్ని కెజియా పక్కకు వాల్చి పెట్టింది. మూడోదాన్ని లోతుగా పాతేసింది. పదోదానికి చెయ్యి తిరిగింది. ఇరవయ్యోదానికి వేళ్ళు బొబ్బలెక్కాయి. నాటుతూ ఆమె అడుగుతూ పోయింది, అంకమ్మ చెబుతూ పోయింది. ఈ చెట్లు అడవి కాదు, చేను లాంటివే. నాలుగేళ్ళకు కోతకొస్తాయి. కొట్టిన ఏడాదే మళ్ళీ నాటుతారు. తోట లేనప్పుడు గాలి వీస్తే ఊళ్ళో కంచాల్లో ఇసక పడేది. తోట పెరిగాక ఆ బాధ తీరింది. కొనేవాళ్ళు ఉన్నారు కాబట్టి నాటుతున్నారు, నాటుతున్నారు కాబట్టి ఇక్కడ పచ్చగా ఉంది.

"మరి మాకు పండక్కి ఇచ్చే చెట్టు?" అంది కెజియా.

"చెట్టెక్కడిచ్చాను? కొస ఇచ్చాను. కొట్టాక దుంగ లారీ ఎక్కుద్ది, కొస పొయ్యిలోకి పోద్ది. పొయ్యిలోకి పోయేవాటిల్లో గుబురుగా, ముద్దుగా ఉన్నదాన్ని ఏరి పక్కన పెడతాను. మా ఆయనున్నప్పుడు ఆయన ఏరేవాడు. రెండు రోజులు వెతికేవాడు తెలుసా. పెళ్ళికూతుర్ని చూసినట్టు చూసేవాడు."

"పండగ రోజు వచ్చి చూసేవారా?"

"ఎక్కడ?"

"గుడిలో. చెట్టుకు అన్నీ కట్టాక."

అంకమ్మ మొక్క చుట్టూ మట్టి అదుముతూ, తల ఎత్తకుండానే అంది. "రమ్మన్నదెవరు?"

పొద్దు వాలేసరికి ఆ మొక్కల్లో నాలుగో వంతు కూడా కాలేదు. కెజియా ఇసక బక్కెట్టుతో గుడికి వచ్చి, దాన్ని జెకర్యాగారి ముందు దింపింది. ఆయన ఆమె చేతులు చూశారు. ఆమె నేరుగా ఆడవాళ్ళు కూర్చుని రంగు కాగితాలు కత్తిరిస్తున్న చోటికి వెళ్ళింది. "ఆ ఆదివారం నేను తెలియక మాట్లాడాను. ఆ తోటలోకి ఒక్కసారైనా వెళ్ళకుండా మాట్లాడాను. అంకమ్మగారి మొక్కలు ఎండిపోతున్నాయి. రేపు నాతో ఎవరొస్తారు?" అంది. మందిలో తప్పొప్పుకోవడం ఆమెకు అదే మొదటిసారి. ఊహించుకున్నంత కష్టంగా అనిపించలేదు.

మర్నాడు పొద్దున్నే పదకొండుమంది ఆడవాళ్ళు గునపాలతో, కడవలతో వెళ్ళారు. పండక్కి నేర్చుకుంటున్న కీర్తనలన్నీ ఆ ఇసకలోనే పాడేశారు. అంకమ్మకు పాట రాదు గాని, రెండో చరణానికల్లా చప్పట్లు కలిసేవి. ఒకరు గుంట తీస్తే ఒకరు మొక్క పెట్టారు, ఇంకొకరు నీళ్ళు పోశారు. మధ్యాహ్నానికి పందిరి కింద ఖాళీ కవర్లు మాత్రం మిగిలాయి. రొయ్యల చెరువు మనిషి ఆ వేళకే మోటారు సైకిలు మీద వచ్చాడు. కొత్తగా తడిసిన వరసల్నీ, వాటి మధ్య కూర్చుని ఒకే గిన్నెలోంచి పులిహోర పంచుకుంటున్న డజను మంది ఆడవాళ్ళనూ చూశాడు. అంకమ్మ అతనికీ ఒక ఆకులో పెట్టి ఇచ్చింది. అతను నిలబడే తిని, అడగాల్సింది అడక్కుండానే వెళ్ళిపోయాడు.

వచ్చేటప్పుడు అంకమ్మ దుంగల పక్కనుంచి ఒక కొస తీసి తెచ్చింది. మనిషెత్తు, దట్టంగా, నిగనిగలాడుతూ ఉంది. "మీకు వద్దనుకున్నా గాని, చెయ్యి ఊరుకోక ఏరి పెట్టా" అంది సిగ్గుపడుతూ. కెజియా దాన్ని భుజాన ఎత్తుకుంది. నడుస్తూంటే ఆమెకు కొత్త ఉత్సాహం పుట్టుకొచ్చింది. వెళ్ళగానే ఆ ప్లాస్టిక్ చెట్టు పీకి పెట్టెలో పెట్టించాలి, దీన్ని దాని జాగాలో నిలబెట్టాలి, రేపటి ఆరాధనలో నిజమైన చెట్టు గురించి అందరికీ చెప్పాలి. ఏం చెప్పాలో వాక్యాలు కూడా కుదురుతున్నాయి.

నాలుగు గంటలకు ఆమె గుడి గుమ్మం ఎక్కేసరికి లోపల పాటల అభ్యాసం నడుస్తోంది. గుమ్మంలోనే ఆమెకు ఒక గొంతు వినబడింది. ముసలి గొంతు. శ్రుతి అక్కడక్కడ తప్పుతోంది గాని, మిగతా గొంతులన్నిటినీ చెయ్యి పట్టుకుని నడిపిస్తున్నట్టుంది. తొంగి చూస్తే ముందు బెంచీ మీద, ప్లాస్టిక్ చెట్టుకు రెండడుగుల దూరంలో, సూసన్నమ్మ కూర్చుని ఉంది. ఒకప్పుడు ఈ సంఘంలో పాట ఎత్తేది ఆమే. డెబ్బై దాటాక ఎందుకో ప్రతి పండక్కీ అరుగు మీద, కిటికీ పక్కన కూర్చోవడం మొదలుపెట్టింది. లోపలికి రమ్మంటే గాలి కోసమనేది. వయసైపోయింది, వినబడదు కాబోలు అనుకుని ఎవరూ పట్టించుకోలేదు.

పాట ఆగింది. జెకర్యాగారే అడిగారు. "ఏం సూసన్నమ్మా, ఈ ఏడు లోపల కూర్చున్నావు?"

"ఈ చెట్టుకి దుమ్ము లేదు కదయ్యగారూ. సరుగుడు లోపల పెట్టి తలుపులు మూస్తే, ఆ ఆకు దుమ్ముకి నాకు ఆయాసం ముంచుకొస్తది. ఊపిరాడదు. అందుకని బయట కూర్చునేదాన్ని."

"ఎనిమిదేళ్ళయింది కదమ్మా. చెప్పలేదేం?"

సూసన్నమ్మ నవ్వింది. "నా ఒక్కదానికోసం పండగ చెట్టు తీసెయ్యమంటానా? కిటికీలోంచి పాట బాగానే వినబడేది."

జెకర్యాగారు కళ్ళజోడు తీశారు. ఈసారి తుడవడానికి చాలాసేపు పట్టింది. "ఎనిమిదేళ్ళూ ఆ కిటికీ దగ్గర నిన్ను చూశాను. ఒక్కసారీ అడగలేదు" అన్నారు. సంఘంలో ఎవరూ ఆయన నోట అలాంటి మాట వినలేదు.

కెజియా భుజం మీద చెట్టుతో గుమ్మంలోనే నిలబడిపోయింది. దారి పొడుగునా కుదిరిన వాక్యాలు ఒక్కటీ మిగల్లేదు. చెట్టు బరువు మాత్రం తెలుస్తోంది. బర్నబా తాత ఆమెను మొదట చూశాడు. "అమ్మాయ్, అది లోపలికా, బయటికా? ఏదో ఒకటి తేల్చు, భుజం పట్టుద్ది" అన్నాడు.

ఆమె లోపల చెట్టునూ, దాని పక్కన సూసన్నమ్మనూ చూసింది. తర్వాత వెనక్కి తిరిగి మెట్లు దిగింది. గుడి ముందు, గాలి బాగా ఆడే చోట, మోకాలి లోతు గుంట తవ్వి ఆ కొసను పాతింది. చుట్టూ ఇసక పోసి, కాలితో గట్టిగా తొక్కింది. అడక్కుండానే ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు వచ్చి కాగితం గొలుసులు కట్టసాగారు. లోపల సూసన్నమ్మ మళ్ళీ పాట ఎత్తుకుంది. కెజియా అక్కడినుంచి చేతులైనా కడుక్కోకుండా, నేరుగా అంకమ్మ ఇంటికి నడిచింది.

మర్నాడు, పండగ పొద్దున, గవ్వలపాలెంలో ఎండ కొత్తగా ఉంది. గుడి తలుపులూ కిటికీలూ అన్నీ తెరిచారు. లోపల చెట్టు కాస్త వంకరగానే నిలబడింది. ఎన్నిసార్లు విప్పి గుచ్చినా ఒక పొడుగు కొమ్మ మాత్రం పైనే మిగిలిపోయి, చెయ్యెత్తి పిలుస్తున్నట్టుంది. బయట చెట్టు గాలికి ఊగి, కట్టిన కాగితాలన్నిటినీ గలగలలాడించింది. ఆరాధన సగంలో ఉండగా అంకమ్మ వచ్చింది. ఉతికి మడత పెట్టిన పచ్చ చీర కట్టుకుంది. చేతిలో అరిసెల డబ్బా ఉంది. లోపలికి రావడానికి సంకోచించి, తన చెట్టు పక్కనే నిలబడింది. కిటికీలోంచి ఆమెను చూసిన కెజియా, వాక్యం చదవడం ముగించగానే బయటికి వచ్చి ఆమె పక్కన నిలబడింది. ఆఖరి కీర్తనకు జెకర్యాగారు సంఘాన్నంతా బయటికి పిలిచారు. సూసన్నమ్మ మెట్ల మీద కూర్చుని పాట ఎత్తింది. ఆరుబయట ఆమెకు దగ్గు రాలేదు, ఆయాసమూ రాలేదు. అంకమ్మ తోటలో నేర్చుకున్న చోట చప్పట్లు కలిపింది. బర్నబా తాత రెండు చెట్ల మధ్యా అటూ ఇటూ తిరుగుతూ, ఏది ఎంత పెరిగిందో చూసి వస్తున్నానని అందరికీ చెప్పాడు. అందరూ నవ్వారు, ఆయనా నవ్వాడు.

పాట అయ్యాక విస్తళ్ళు వేస్తున్నారు. అంకమ్మ జెకర్యాగారి దగ్గరికి వచ్చి చేతులు కట్టుకుని నిలబడింది. "అయ్యగారూ, తెలియక అడుగుతన్నాను. లోపల ఒకటి పెట్టారు, బయట ఒకటి పెట్టారు. మీ దేవుడికి ఏ చెట్టు ఇష్టం?"

అన్నం గిన్నె మోసుకుపోతున్న కెజియా అక్కడే ఆగిపోయింది. ఈ పూట ఆమె పుస్తకం గదిలోనే ఉండిపోయింది.

జెకర్యాగారు ఆలోచించలేదు. "ఆయన పుట్టినప్పుడు ఆ పాకలో చెట్టేదీ లేదు అంకమ్మా. కబురు అందినవాళ్ళు వచ్చారు, అంతే" అన్నారు. తర్వాత పక్కకు జరిగి విస్తరి చూపించారు. "ఇక్కడ కూర్చో. అన్నం చల్లారిపోతోంది."